కారాగార కథలలో వస్త్రము, వ్యక్తిత్వము

ఆంగ్ల సాహిత్యమును పాఠ్యాంశముగా చదువు విద్యార్థులలో పలువురు జార్జి ఆర్వెల్ నవలను ముగించిన పిమ్మట ఒక ప్రశ్న వేయుచుందురు. ప్రజల మాటను, ఆలోచనను, తుదకు ప్రేమను కూడ హరించు ప్రభుత్వమును వర్ణించు గ్రంథమున, మనుష్యులు నీలిరంగు ముతక దుస్తులు ధరించిరని రచయిత అన్నిమార్లు చెప్పవలసిన అవసరమేమి? ప్రాణమే పోవుచుండగా బట్టల ముచ్చట యెందుకు? ప్రశ్న చిన్నదిగా కానవచ్చును. కాని దానికి సమాధానము వెదకుచు పోయినచో నవలల నుండి నిజమైన జైళ్లకు, అచ్చటి నుండి మన కర్నూలు, వెల్లూరు, విశాఖపట్టణములకు చేరుదుము. ఈ వ్యాసమున మేము పాఠకులను ఆ దారిని తీసికొనిపోదలచినాము.

రాబోవు కాలమున ఎట్టి దుర్దశ దాపురింపగలదో ఊహించి వ్రాసిన కథలను పాశ్చాత్యులు 'డిస్టోపియా' అని పిలుతురు. సర్ థామస్ మోర్ 1516లో ప్రకటించిన 'యుటోపియా' అను ఆదర్శ ద్వీపమునకు ఇది తలక్రిందులైన రూపము. అయితే ఒక విచిత్రము గమనింపదగును. ఆ ఆదర్శ ద్వీపమున కూడ ప్రజలందరి దుస్తులు ఒకే తీరువి. స్త్రీ పురుష భేదము, వివాహితులు అవివాహితులు అను భేదము తప్ప వేరొకటి లేదు. ఆ గ్రంథముననే చెప్పబడిన మరియొక దేశమున, దొంగతనము చేసినవారికి ఉరికి మారుగా ఒకే రంగు బట్టలు తొడిగి, చెవికొన కొంచెము కోసి, పనిలో పెట్టుదురు. మోర్ దీనిని దయగల పద్ధతిగనే చెప్పెను. నాలుగు వందల యేండ్ల తరువాత వచ్చిన నవలాకారులు ఆ బట్టనే తీసికొని లోపలివైపు త్రిప్పి చూపిరి.

వారిలో మొదటివాడు రష్యా దేశీయుడగు యెవ్‌గెనీ జమ్యాతిన్. ఆయన 1920-21 ప్రాంతమున వ్రాసిన నవల పేరు 'మేము'. (ఈ వ్యాసమున మేము కూడ 'మేము' అనియే వ్రాయుచున్నాము. అది సంచికా సంప్రదాయము మాత్రమే, పాఠకులు శంకింపవలదు.) ఆ నవల 1924లో న్యూయార్కున ఆంగ్లానువాదముగా వెలువడెను. రచయిత స్వదేశమున అచ్చగుటకు 1988 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ రాజ్యమున మనుష్యులకు పేర్లు లేవు. అక్షరముతో కూడిన సంఖ్యలు మాత్రమే గలవు. కథ చెప్పువాడు డి-503. అందరును బూడిద కలిసిన నీలిరంగు యూనిఫారము ధరించి, రొమ్ముపై సంఖ్య గల బంగారు బిళ్ళతో, నలుగురేసి వరుసగా వీధులలో నడచుచుందురు. ఐ-330 అను స్త్రీ ఒకనాడు పూర్వకాలపు ఇంటిలో పసుపుపచ్చని పాత గౌను ధరించి యెదుటికి రాగా డి-503 కలవరపడిపోవును. అప్పటికి అతని కంటబడిన రాజద్రోహమంతయు ఒక రంగు మార్చుటయే. ఆల్డస్ హక్స్‌లీ 1932 నాటి నవలలో సంఘమును తరగతులుగా విభజించి ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క రంగు నిర్ణయించెను. డెల్టాలకు ఖాకీ, ఎప్సిలానులకు నలుపు. అచ్చట ఆ రంగుతో బ్రతుకువారికి అది బాధగ తోచదు. హక్స్‌లీ చెప్పదలచిన భయము కూడ అదియే.

ఆర్వెల్ బీహారులోని మోతీహారిలో 1903లో జన్మించినవాడు. ఆయన 'నైన్టీన్ ఎయిటీ ఫోర్' 1949లో వెలువడెను. కథానాయకుడగు విన్‌స్టన్ స్మిత్ పార్టీ సభ్యులందరివలెనే నీలి ఓవరాల్స్ తొడుగును. జూలియా నడుమునకు చుట్టుకొనిన ఎర్రని పట్టీ బ్రహ్మచర్య సంఘపు చిహ్నము. లోకమును నమ్మించుటకు ఆమె వేసిన వేషములో అదియొక భాగము. విన్‌స్టన్ కలలో ఒక యువతి తన బట్టలను నిర్లక్ష్యముగా విసరివైచిన చేష్ట చూచి, ఆ ఒక్క చేతి విసురుతో పార్టీ, ప్రభుత్వము సర్వమును తుడిచిపెట్టుకొని పోయినట్లు అతనికి తోచును. తరువాత అతడు పట్టుబడును. ప్రేమ మంత్రిత్వశాఖ అను పేరు గల చిత్రహింసాగృహమున చాలకాలము హింసించిన పిమ్మట బట్టలు విప్పి అద్దము ముందు నిలువుమందురు. దారముతో కట్టుకొనిన పేలికలు విప్పి చూడగా, వంగిపోయిన యొక అస్థిపంజరము ఎదురుగా వచ్చుచుండును. అది తానేనని గ్రహించి అతడు కూలబడి ఏడ్చును. కొంతకాలమునకు అతనికి క్రొత్త ఓవరాల్స్ ఇత్తురు.

విద్యార్థుల ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే దొరకునని మా అభిప్రాయము. జైలునకు పోకముందు విన్‌స్టన్ తొడిగినదియు ఓవరాల్సే, జైలులో ఇచ్చినదియు ఓవరాల్సే. సాధారణమైన జైలు కథలో నేరస్థుడు ద్వారము దాటినపుడు బట్టలు మారును. ద్వారమెచ్చట నున్నదో పాఠకునకు తెలియును. ఈ నవలలలో బట్టలు మారవు. కావున ద్వారము ఎచ్చట నున్నదో తెలియదు. దేశమంతయు ముందే జైలయిపోయినదని రచయిత ఒక్క మాటయైనను చెప్పకుండ బట్టల చేత చెప్పించినాడు.

ఊహ కాక అనుభవమే ఆధారముగా వచ్చిన రచనలలో ఈ విషయము ఇంకను సూక్ష్మముగా నుండును. అలెగ్జాండర్ సోల్జెనిత్సిన్ ఎనిమిదేండ్లు నిర్బంధములో గడిపి, 1962లో 'ఇవాన్ డెనిసోవిచ్ జీవితములో ఒక దినము' ప్రకటించెను. అందలి ఖైదీల టోపీపై, రొమ్ముపై, వీపుపై, మోకాలిపై సంఖ్య వ్రాసిన గుడ్డలు కుట్టబడియుండును. మాసిపోయిన సంఖ్యలకు తిరిగి రంగు దిద్దుటకు ఖైదీలలోనే చిత్రకారులుందురు. చిత్రకళ నేర్చినవాని కుంచెకు అచ్చట మిగిలిన పని అది. ఎముకలు కొరుకు చలిలో ఉదయము సోదా చేయుచు, లోపల అనుమతి లేని బట్టయేమైన తొడిగినారేమో యని చొక్కాలు విప్పింతురు. నౌకాదళమున కెప్టెనుగా పనిచేసిన బుయినోవ్‌స్కీ, ఈ చలిలో మనుష్యుల బట్టలు విప్పించు అధికారము మీకు లేదని ఎలుగెత్తును. ఫలితము పది దినముల చీకటికొట్టు. కథానాయకుడు షుకోవ్ అట్లు ఎలుగెత్తువాడు కాడు. అతడు టోపీలో ఒక సూదిని దాచుకొనును. స్వయముగా పోతపోసికొనిన చెంచాను బూటులో పెట్టుకొని తిరుగును. మాకు కెప్టెను ధైర్యము కంటె షుకోవ్ సూదియే ఎక్కువ జ్ఞాపకముండును. ప్రభుత్వము ఇచ్చిన బట్టకు తన చేతి కుట్టు ఒకటి వేసికొనువాడు ఇంకను పూర్తిగా సంఖ్యగా మారలేదు.

వస్త్రమునకు ఇంత శక్తి యెక్కడిది? మన పెద్దలకు ఇది క్రొత్త మాట కాదు. రామాయణమున రాముని అడవికి పంపునపుడు కైకేయి నారచీరలను స్వయముగా తెచ్చి యిచ్చును. వాటిని ఎట్లు కట్టుకొనవలయునో తెలియక సీత చేతబట్టుకొని నిలుచును. అది చూచి వసిష్ఠునంతటివానికి కోపము వచ్చినది. నారచీర చూచినపుడు అంతఃపురమునకు దుఃఖము వచ్చినది. ఇక ఖుర్ఆనులోని యూసుఫ్ వృత్తాంతమును చూడుడు. అందు ఒక్క చొక్కా మూడుమార్లు సాక్ష్యము చెప్పును. సోదరులు దొంగనెత్తురు పూసి తెచ్చిన చొక్కా మొదటిది. వెనుకనుండి చినిగినది గనుక యూసుఫ్ నిర్దోషియని తేల్చిన చొక్కా రెండవది; అయినను ఆయనను చెరసాలలో పెట్టిరి. చూపు కోల్పోయిన తండ్రి ముఖముపై వేయగా చూపు తెప్పించినది మూడవది. తొడిగినవాడు ఎవడో చెప్పగల చొక్కా గనుకనే అది సాక్ష్యము కాగలిగినది. ఖైదీ చొక్కా వేయిమందికి ఒకటే. అది ఎవనిని గూర్చియు ఏమియు చెప్పజాలదు.

మన తెలుగు, ఉర్దూ భాషలు రెండును ఈ విషయమున ఒకే సంవత్సరమున ఒకే పాఠము నేర్చుకొన్నవి. ఆ సంవత్సరము 1908. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలున 1883లో జన్మించినవాడు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనివే గనుక ఆయన మన జిల్లావాడేయని చెప్పుకొనుటకు మనకు హక్కు గలదు. 1907లో రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా వందేమాతరం బిళ్ళను రొమ్మున ధరించిన విద్యార్థులకు ఆయన నాయకుడయ్యెను. కళాశాల నుండి బహిష్కరింపబడెను. మరుసటి సంవత్సరము బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని రచనకు రాజద్రోహ నేరము మోపి మూడేండ్ల శిక్ష వేసి వెల్లూరు జైలున నుంచిరి. ఎం.ఏ. చదివిన ఆ పెద్దమనుష్యునికి అచ్చట కురచ లాగు, చేతులులేని చొక్కా, కాళ్లకు గొలుసులు, సహవాసము బందిపోటులతో. రొమ్మున బిళ్ళ ధరించినందులకు చదువు పోయినది. తరువాత ప్రభుత్వమే తన గుర్తులను ఆయనకు తొడిగినది. మొదటిది ఆయన కోరి ధరించినది. ఆ భేదమును మనస్సున నుంచుకొనవలయునని విద్యార్థులను కోరుచున్నాము.

అదే యేడు అలీగఢమున మౌలానా హస్రత్ మోహానీని బంధించిరి. ఆయన నడుపుచుండిన 'ఉర్దూ-ఎ-ముఅల్లా' పత్రికలో ఈజిప్టున ఆంగ్లేయుల విధానమును విమర్శించిన వ్యాసము వచ్చెను. అది ఆయన వ్రాసినది కాదు. వ్రాసినవాని పేరు చెప్పుమని ఎంత అడిగినను చెప్పక నేరమును తనపై వేసికొనెను. జైలులో ఖైదీ బట్టలు కట్టి దినమంతయు గోధుమలు విసరించిరి. తిరగలి త్రిప్పుచునే ఆయన గజళ్లు అల్లెను. వెలుపలికి వచ్చిన పిమ్మట ఆ జైలు దినములను గూర్చి గ్రంథము వ్రాసెను. పరుని పేరును కాపాడినవాడు తన పేరును జైలు గేటు వద్ద వదలివేయవలసి వచ్చినది. ఉర్దూ గజలులో ప్రియుడు ఉన్మాదము ముదిరినపుడు తన చొక్కా గరీబాను తానే చించుకొనును, గరీబాను అనగా కంఠముకడ మడత. తన బట్టను తాను చించుకొను స్వేచ్ఛ ఆ ప్రియునకు గలదు. ఖైదీకి అదియును జైలు సొత్తును పాడుచేసిన నేరమగును.

ఇచ్చట ఒక చిన్న మాట. మన తెలుగువారి జైలు మాటలలో అనేకము ఉర్దూ ద్వారమున వచ్చినవి. అరబ్బీలో 'ఖైద్' అనగా సంకెల. సంకెల గలవాడు ఖైదీ. 'ములాఖత్' అనగా కలిసికొనుట. అదే మాట కటకటాల ఇవతలి నుండి పది నిమిషములు చూచుటగా తెలుగున స్థిరపడినది. మరి సంఖ్యను పట్టుకొని ఛాయాచిత్రము తీయించుకొను పలక యున్నది గదా, దానికి ఉర్దూ అక్కరలేదు. మార్కాపురమువారికి పలకను గూర్చి ఒకరు చెప్పవలసినది లేదు. దేశములోని అనేక ప్రాంతముల బడిపిల్లలు మన గనుల పలకలపై ఓనమాలు దిద్దిరి. ఒకే పలకపై పిల్లవాడు తన పేరు వ్రాయుట నేర్చుకొనును. వేరొకచోట దానిపైననే పేరునకు మారుగా అంకె వచ్చును.

తెలుగున దుష్టరాజ్యమును ఊహించి వ్రాసిన నవలలు అరుదు. ఊహింపవలసిన అవసరము అంతగా లేకపోయెనేమో! 1871 నాటి నేరస్థ తెగల చట్టమును 1911లో మద్రాసు రాజధానికి కూడ విస్తరింపజేసిరి. దాని క్రింద కొన్ని కులములలో పుట్టినవారినందరిని పట్టీలోనికి ఎక్కించి, పోలీసుల యెదుట హాజరు పలికించి, సెటిల్‌మెంట్లలో ఉంచిరి. బాపట్లకు సమీపమున స్టూవర్టుపురము 1913లో అట్లు ఏర్పడినదే. ఆ మనుష్యులకు ప్రత్యేకమైన చొక్కా తొడుగనక్కరలేకపోయెను. పుట్టుకయే వారికి విప్పరాని యూనిఫారమయ్యెను. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలున కూర్చుండి వ్రాసిన 'మాలపల్లి'లో జైలు జీవితము, సెటిల్‌మెంటు జీవితము రెండును ప్రక్కప్రక్కన కానవచ్చును. మద్రాసు ప్రభుత్వము ఆ నవలను నిషేధించినది. చట్టము మాత్రము స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1952 నాటికి గాని దేశమంతట తొలగలేదు. అటు నిజాము రాజ్యమున వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథలను వ్రాసెను. ఆయనతోపాటు నిజామాబాదు జైలున నుండిన దాశరథి బొగ్గుముక్కతో గోడపై పద్యము వ్రాసెను. ఒంటిపైనున్న బట్టపై తన మాట వ్రాసికొన వీలులేనివానికి గోడ దొరికినది.

వస్త్రము కొరకు మనుష్యులు ప్రాణములు కూడ విడచిరి. 1929లో లాహోరు జైలున భగత్‌సింగు, ఆయన సహచరులు చేసిన నిరాహారదీక్షలో, యూరోపియను ఖైదీలతో సమానముగా ఆహారము, పుస్తకములు, బట్టలు ఇయ్యవలయుననునవి కోరికలు. 63వ దినమున, సెప్టెంబరు 13న, జతీంద్రనాథ దాసు మరణించెను. దక్షిణాఫ్రికాలో 1964లో రాబిన్ ద్వీపమునకు తెచ్చిన ఖైదీలలో భారతీయ సంతతివాడగు అహ్మద్ కత్రాడాకు పొడుగు ప్యాంటు ఇచ్చి, నెల్సన్ మండేలాకును ఇతర ఆఫ్రికను ఖైదీలకును పొట్టి లాగులిచ్చిరి. నల్లవాడు ఎంత వయస్సు వచ్చినను పిల్లవాడేయని ఆ లాగు అర్థము. మండేలా పోట్లాడగా కొన్నాళ్లకు ఆయన గదిలో పొడుగు ప్యాంటు వచ్చి యుండెను. ఇతరులకు రాలేదని తెలిసి ఆయన దానిని తిప్పి పంపెను. ఉత్తర ఐర్లండున 1976లో, తాము రాజకీయ ఖైదీలమనియు నేరస్థుల దుస్తులు తొడుగమనియు పట్టుబట్టిన యువకులు ఒంటికి కంబళ్లు చుట్టుకొని యేండ్లతరబడి గడిపిరి. 1981 నిరాహారదీక్షలో పదిమంది చనిపోయిరి. దీక్ష ముగిసిన తరువాత ఆ అక్టోబరులోనే సొంత బట్టలు ధరింప అనుమతి వచ్చెను. వారి రాజకీయములను గూర్చి ఎవరి అభిప్రాయము వారిదే. చొక్కా కొరకు పదిమంది చావవలసినంత విలువ చొక్కాకు ఎట్లు వచ్చినదో మాత్రము ఆలోచింపదగినది.

అట్లయిన యూనిఫారమన్నది అంతయు చెడ్డదేనా యని కమిటీ పెద్దలు అడుగవచ్చును. కాదు. హజ్ యాత్రలో పురుషులు కుట్టులేని రెండు తెల్లని వస్త్రములు చుట్టుకొందురు. ఆ ఇహ్రాములో నవాబును నౌకరును గుర్తింపలేము. మన గ్రామములలో అయ్యప్ప దీక్ష పూనినవారు నలుబదియొక్క దినములు నల్లబట్ట కట్టి, ఒకరినొకరు 'స్వామీ' యని మాత్రమే పిలుచుకొందురు. పేరు కూడ విడచిపెట్టుదురు. కాని ఆ పేరును విడచినవాడు తానే. తిరిగి తీసికొనువాడును తానే. బడిపిల్లల యూనిఫారము ధనిక పేద భేదమును కొంత కప్పును గనుక మేము దానికి విరోధులము కాము. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియముగా మార్చి, 2016లో ఒక పథకము పెట్టిరి. ఐదువందల రూపాయలు చెల్లించినవారికి ఖద్దరు ఖైదీ బట్టలు, కంచము, గ్లాసు ఇచ్చి ఒక దినము జైలులో నుంచుట ఆ పథకము. మరునాడు బట్టలు అప్పగించి ఇంటికి పోవచ్చును. ఆ అనుభవమున కొరవడినది ఏదో పాఠకులకు చెప్పనక్కరలేదు.

మన న్యాయస్థానములు ఈ విషయమున ఒక మంచి మాట చెప్పినవి. విశాఖపట్టణము సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన దావాలో 1974లో సుప్రీంకోర్టు, శిక్షపడినంత మాత్రమున మనుష్యుని ప్రాథమిక హక్కులన్నియు ఊడిపోవని తీర్పు చెప్పెను. ఆ తీర్పులో న్యాయమూర్తి వాడిన ఆంగ్లపదమునకు మూలార్థము బట్టలూడ్చుట. భువన్ మోహన్ పట్నాయక్ కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులకు అది సుపరిచితము.

శిక్షపడినవాని సంగతి అది. శిక్ష పడనివాని సంగతి యేమి? 1894 నాటి ప్రిజన్స్ చట్టము 31వ సెక్షను, నేరము ఇంకను రుజువు కాని ఖైదీ సొంత బట్టలు తెప్పించుకొనవచ్చునని చెప్పినది. నిర్దోషియను భావమునకు చట్టమిచ్చిన కనబడు గుర్తు ఆ సొంత చొక్కాయే. 32వ సెక్షను, ఆ బట్టను మరియొక ఖైదీకి ఇచ్చుటకుగాని అమ్ముటకుగాని వీలులేదన్నది. సొంత బట్ట లేనివానికి జైలు సూపరింటెండెంటు ఇయ్యవలయునని 33వ సెక్షను. జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారము 2022 చివరకు దేశమందలి 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణలో నుండినవారే. అనగా నలుగురిలో ముగ్గురు. వీరిలో జామీనుకు పూచీ దొరకక లోపలనే యుండిపోయిన పేదలు అనేకులు. ములాఖత్ దినమున ఉతికిన చొక్కా తెచ్చువారు గలవానికి 31వ సెక్షను. ఎవ్వరును రానివానికి 33వ సెక్షను.

మన కళాశాల జాతీయ సేవా పథకపు విద్యార్థులు వరదలు వచ్చినపుడు బట్టలు పోగుచేసిన అనుభవము గలవారు. ఈ యేడు జైలు అధికారుల అనుమతి పొంది, దగ్గరి సబ్‌జైళ్లలో ఎవ్వరును రాని విచారణ ఖైదీలకు చొక్కాలు పంపు విషయమును కమిటీవారు ఆలోచింపవలయునని మా మనవి. బజారున చౌకగా దొరకునని అన్నియు ఒకే తానులో కోయింపక, వేర్వేరు రంగులవి, వేర్వేరు కొలతలవి కొనవలయును. లోపలనున్నవారిలో ఎవరికి ఏ కొలత కావలయునో జైలువారిని ముందుగ అడిగి తెలిసికొనవచ్చును.